పాత పెంకుల కప్పు దించడం ఎలా: కొత్త కప్పు వేసే ముందు విశాఖ ఇళ్లవాళ్లకు సమగ్ర మార్గదర్శి

పాత పెంకుటిల్లున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: కొత్త కప్పు వేయించాలి, పాతదాన్ని పద్ధతిగా దించడం ఎలా? కొత్త కప్పు గురించి చెప్పడానికి మేస్త్రులున్నారు, షాపులవాళ్లున్నారు. దించే పనికి వచ్చేసరికి "ఇద్దరు కూలీలను పెడితే పూటలో అయిపోతుంది" అంటారు. మనుషులు జారిపడేదీ, మంచి పెంకులు ముక్కలయ్యేదీ, గోడలు బీటలు వారేదీ ఆ పూటలోనే.

కప్పు దించడం అంటే కూలగొట్టడం కాదు. పెంకులు ఏ వరుసలో పేర్చారో దానికి తలకిందుల వరుసలో, రెండు వాలుల మీదా బరువు సమంగా తగ్గేలా, సాయంత్రానికి మళ్లీ కప్పగలిగినంత మేరకే విప్పుకుంటూ పోవాలి. కింద చెప్పే ప్రతి అడుగూ దీనికోసమే.

1. మీది ఏ రకం కప్పో ముందు తేల్చుకోండి

వన్‌టౌన్, కోటవీధి, పెదవాల్తేరు, భీమునిపట్నం పాత వీధుల్లో ఎక్కువగా ఉన్నవి మంగళూరు పెంకులు. బంగ్లా పెంకులని కూడా అంటారు. పలకలా ఉండి అంచుల్లో గాడులుంటాయి. అడుగున ఒక ముక్కు ఉంటుంది, అది రీపరుకు తగులుకుంటుంది. మేకు లేకుండానే ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి.

పెందుర్తి, ఆనందపురం, పద్మనాభం వైపు పల్లెల్లో గూన పెంకుల ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇవి ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఒక వరుస బోర్లా ఉంటాయి. మూడోది సిమెంటు రేకుల కప్పు. ముందు గదుల మీద పెంకులుండి, వెనక వంటింటికో వసారాకో రేకులు వేసిన ఇళ్లు చాలా ఎక్కువ. అలాంటప్పుడు రెండింటినీ ఒకే రోజు, ఒకే పద్ధతిలో దించకండి. రేకుల పద్ధతి పూర్తిగా వేరు, దానికి 8వ భాగం చూడండి.

కప్పు భాగాల పేర్లు కూడా ఒకసారి సరిచూసుకుందాం. రెండు వాలులు కలిసే పై గీత కొప్పు. దాని కింద పొడవుగా ఉండేది వెన్నుదూలం. వెన్నుదూలం నుంచి గోడ దాకా ఏటవాలుగా దిగేవి వాసాలు. వాసాల మీద అడ్డంగా కొట్టిన సన్న చెక్కలు రీపర్లు. గోడ దాటి బయటికి వచ్చే అంచు చూరు.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

విశాఖలో ఈ పనికి మంచి కాలం సంక్రాంతి వెళ్లాక, ఉగాది లోపు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఇక్కడే. ఆ మూడు నెలల్లో ఇంటి కప్పు విప్పి కూర్చోవద్దని గట్టిగా చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో పెంకు మీద చెయ్యి పెట్టలేనంత వేడి, సాయంత్రాలు ఉన్నట్టుండి ఈదురుగాలి, వాన.

పని మొదలుపెట్టే వారంలో విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే సూచనలు రోజూ చూడండి. అల్పపీడనం మాట వినిపిస్తే విప్పిన భాగాన్ని కప్పేసి, కొత్త భాగం ముట్టుకోకుండా ఆగండి.

రోజులో కూడా వేళ ఉంది. జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజామున పడ్డ మంచుకి పెంకులు జారుతాయి, ఎండ తగిలి ఆరాకే ఎక్కాలి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి పెరుగుతుంది. అందుకే పైన చేసే పనిలో ఎక్కువ భాగం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు లోపు అయిపోయేలా చూసుకోండి.

3. ఎక్కే ముందు కింద నుంచి చూడాల్సినవి

ఇంట్లో లైట్లన్నీ ఆపి, పగటిపూట అటక మీదికెక్కి కప్పు లోపలి వైపు చూడండి. వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా పెంకు పగిలినట్టో జరిగినట్టో లెక్క. నల్లటి నీటి చారలున్న చోట కింద ఉన్న కలప పుచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

ఒక పాత స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి వాసాన్నీ మూడు చోట్ల గుచ్చండి: గోడ మీద ఆనే చోట, మధ్యలో, వెన్నుదూలం దగ్గర. గట్టి కలపలోకి అది దిగదు. చెదలు తిన్నదైతే మెత్తగా లోపలికి పోతుంది. సరుగుడు వాసాలు పైకి బాగానే కనిపించి లోపల డొల్లగా ఉంటాయి, వాటిని సుత్తితో తట్టి చప్పుడు కూడా వినండి. తాటి వాసాలైతే గోడలో దూరిన చివరే ముందు పోతుంది.

పుచ్చిన వాసాలకు కింద సుద్దతో పెద్ద గుర్తు పెట్టండి. పైనుంచి కూడా తెలిసేలా ఆ వరుసలో చూరు దగ్గర ఎర్రగుడ్డ కట్టండి. నాలుగింట ఒక వంతు వాసాలు పోయాయంటే ఆ కప్పు మీదికి మనిషి ఎక్కకూడదు. లోపల పరంజా కట్టి కింద నుంచే పెంకులు విప్పాలి. దాని పద్ధతి 6వ భాగం చివర ఉంది.

చివరగా గోడలు. పాత ఇళ్ల మట్టిగోడలు, సున్నపు గోడలు కప్పు బరువుకు అలవాటుపడి ఉంటాయి. ఇంటి రెండు చివర్లా ఉండే త్రికోణపు గోడలు మరీ ముఖ్యం. వాసాలు, దూలాలు పట్టుకుని ఉన్నంత కాలమే వాటికి ఆసరా. నిలువు బీట ఉన్నా, గోడ బయటికి ఒరిగినట్టు అనిపించినా పెంకులు ముట్టుకోకముందే రెండు వైపులా కర్రలతో ఆనించాలి.

4. మనుషులు, సామాను

పైన ఇద్దరు, నిచ్చెన దగ్గర ఒకరు, కింద ఇద్దరు. ఐదుగురుంటే పని సాఫీగా సాగుతుంది. ముగ్గురి కంటే తక్కువైతే మొదలుపెట్టకండి. పైన ఉండేవాళ్లలో కనీసం ఒకరు ఇదివరకు పెంకులు నేసినవాళ్లై ఉండాలి.

ఈ పనిని గుత్తకు ఇవ్వకండి, రోజు కూలికి పెట్టుకోండి. గుత్తకు తీసుకున్నవాళ్లకు త్వరగా ముగించడమే లాభం కాబట్టి పెంకులు కిందికి విసురుతారు. రెండు రోజుల కూలి ఎక్కువైనా, మిగిలిన పెంకుల విలువ, ఎవరికీ దెబ్బ తగలకపోవడం చూసుకుంటే అదే మేలు.

బరువు లెక్క కూడా ముందే వేసుకోండి. మంగళూరు పెంకులు వంద చదరపు అడుగుల వాలుకు ఇంచుమించు 150 పడతాయి. ఒక్కోటి రెండున్నర కిలోలు వేసుకున్నా దాదాపు నాలుగు క్వింటాళ్లు. ఆరు వందల చదరపు అడుగుల కప్పంటే రెండు టన్నులు దాటుతుంది. తడిస్తే ఇంకా పెరుగుతుంది. ఇదంతా చేతుల మీదుగా దిగాలి.

కావలసిన సామాను:

- చూరు కంటే మూడడుగులు పైకి వచ్చే నిచ్చెన
- కొప్పుకు తగిలించడానికి కొక్కేలున్న రెండో నిచ్చెన
- ఒంటికి పూర్తిగా పట్టే సేఫ్టీ హార్నెస్‌లు రెండు, గట్టి నైలాన్ తాళ్లు
- చిన్న సుత్తి, సన్న ఉలి, మేకులు పీకే కడ్డీ, హాక్సా బ్లేడు
- తట్టలు, తాడు, గిలక
- హెల్మెట్లు, గట్టి చేతితొడుగులు, జారని రబ్బరు అడుగున్న బూట్లు
- ఎన్95 మాస్కులు (రేకుల పనికి 8వ భాగంలో చెప్పిన రకం), దుమ్ము పడకుండా కాపాడే కళ్లద్దాలు
- విప్పే భాగానికి ఒకటిన్నర రెట్లు పెద్దదైన టార్పాలిన్
- ఇసుక బస్తాలు, రెండు మూడు సెంట్రింగ్ జాకీలు (దూలం కింద ఆనించే ఇనుప ఆసరాలు)

నడుముకు మాత్రమే కట్టే బెల్టు వద్దు. పడినప్పుడు అది నడుమునే దెబ్బతీస్తుంది. హార్నెస్ తాడును కూడా వాసానికి కట్టకండి. కొప్పు దాటించి అవతలి వైపు నేల మీదున్న స్తంభానికో బలమైన చెట్టుకో కట్టాలి.

5. ముందు రోజు పనులు

అన్నిటికంటే ముందు కరెంటు. చాలా పాత ఇళ్లకు సర్వీసు వైరు చూరు మీదుగా వస్తుంది, దాని ఇనుప గొట్టం కప్పులోంచే పైకి లేస్తుంది. మెయిన్ ఆపితే ఇంట్లో కరెంటు పోతుంది గానీ ఆ వైరులో ఉంటుంది. ఉప్పుగాలికి దాని తొడుగు పగిలి ఉండొచ్చు. లైన్‌మన్‌ను పిలిపించి వైరు తీయించండి, లేదా పక్కకు మళ్లించండి. విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఫిర్యాదు నంబరు 1912.

రెండోది అనుమతి. ఉన్న కప్పు తీసి స్లాబు వేయాలన్నా, అంతస్తు లేపాలన్నా జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నుంచి ప్లాన్ అనుమతి తీసుకోవాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా వర్తించవచ్చు. పెంకులు దించేశాక ఇవి తెలిస్తే ఇల్లు నెలల తరబడి నెత్తిన ఏమీ లేకుండా ఉండిపోతుంది. అందుకే వార్డు సచివాలయంలో ముందే అడగండి.

పక్కింటివాళ్లతో మాట్లాడటం మూడోది. వన్‌టౌన్ సందుల్లో రెండిళ్ల వాసాలు ఒకే ఉమ్మడి గోడ మీద ఆనుతాయి, రెండు చూరుల నీళ్లు ఒకే కాలువలో పడతాయి. మీ పెంకు తీస్తే వాళ్ల కప్పు కదలొచ్చు. వాళ్ల వైపు వాసం మీ దూలం మీద ఆనుకుని ఉందేమో వాళ్ల సమక్షంలోనే చూసి, ఫోటోలు తీసి పెట్టుకోండి. తరవాత తగవు రాకుండా ఆ ఫోటోలే పనికొస్తాయి.

ముందు రోజు సాయంత్రానికి ఇవన్నీ అయ్యాయో లేదో చూసుకోండి:

- విప్పే గదిలో ఉన్న సామాను, దేవుడి పటాలు, బియ్యం, బట్టలు వేరే గదికి చేర్చారు
- దూలానికి వేలాడే ఫ్యాను, లైట్లు దించారు
- కదపలేని బీరువా, మంచాల మీద పాలిథిన్ పరిచారు
- అటక ఖాళీ చేశారు
- ఇంటి చుట్టూ ఆరడుగుల మేర తాడు కట్టి, పిల్లలు, పశువులు రాకుండా చేశారు
- పెంకులు పేర్చే చోట ఇసుకో చెక్కలో పరిచారు
- పనివాళ్లకు మంచినీళ్లు, మజ్జిగ, నీడ చూశారు
- దగ్గర్లోని ఆసుపత్రి ఏదో, 108కి మీ ఇంటి గుర్తులు ఎలా చెప్పాలో అందరికీ తెలుసు

ఇంకొక మాట. పెంకుల కింద తేళ్లు, జెర్రులు, పాములు ఉండటం మామూలే. కందిరీగల గూడో తేనెపట్టో ఉంటే పని మొదలుపెట్టే ముందే తెలిసినవాళ్లతో తీయించండి. నిచ్చెన మీద ఉండగా కందిరీగలు రేగితే కుట్టడం కంటే పడిపోవడమే పెద్ద ప్రమాదం.

6. మంగళూరు పెంకులు దించే వరుస

ఇంటి పొడవును గది గదిగా విడగొట్టుకోండి. ఒక రోజుకు ఒక గది మీదున్న కప్పే, అది కూడా రెండు వాలులూ కలిపి.

*6.1 నిచ్చెన నిలపడం.* పన్నెండడుగుల ఎత్తుకు కాళ్లు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి. నిచ్చెనను చూరు పెంకుల మీద ఆనించకూడదు, గోడకో పరంజాకో ఆనించి పైన కింద తాడుతో కట్టాలి. చూరు రీపరు మీద బరువు పడితే అది ముందే ఊడి వస్తుంది.

*6.2 కొప్పు విప్పడం.* కొప్పు పెంకులు సున్నంలోనో సిమెంటులోనో కూర్చుని ఉంటాయి. సున్నమైతే సన్న ఉలిని పెంకు అంచు కింద పెట్టి, సుత్తితో మెల్లగా కొడుతూ పోతే పొరగా విడిపోతుంది. సిమెంటైతే మొండికేస్తుంది. దాంతో పోరాడి కింది పెంకులు పాడుచేసుకోవద్దు. కొప్పు పెంకునే పగలగొట్టి తీసేయండి. కొత్త కొప్పు పెంకులు దొరుకుతాయి గానీ, మీ పాత అచ్చుకు గాడి కలిసే పలక పెంకులు దొరకడం కష్టం. ఊడిన సిమెంటు పెళ్లలను తట్టలో వేసి దించండి, వాలు మీదికి దొర్లనివ్వకండి.

*6.3 దారి చేసుకోవడం.* కొప్పు కొంచెం విప్పగానే అక్కడి నుంచి చూరు దాకా రెండు పెంకుల వెడల్పున నిలువు పట్టీ తీసేయండి. అక్కడ రీపర్లు బయటపడతాయి. కొక్కేల నిచ్చెనను వెన్నుదూలానికి తగిలించి ఆ రీపర్ల మీద, సరిగ్గా గట్టి వాసం పైన పడేలా పరవండి. ఇక మనిషి బరువు పెంకు మీద పడదు. ఈ ఒక్క పని సగం పగుళ్లను ఆపేస్తుంది, అయినా తొందరలో చాలామంది దీన్నే వదిలేస్తారు.

తప్పనిసరిగా పెంకు మీద అడుగు వేయాల్సి వస్తే పెంకు నడుమన కాకుండా, పై పెంకు కింది పెంకును కప్పే చోట, కింద రీపరు ఉన్న చోట వేయాలి.

*6.4 పెంకు తీసే తీరు.* పై వరుస నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. ఒక వరుసలో ఏ పెంకు అంచు పక్కదాని మీదికెక్కి ఉందో దానితో మొదలుపెట్టాలి. పెంకు కింది అంచును రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా పైకి లేపి, పైకే కొంచెం తోస్తే ముక్కు రీపరు నుంచి విడిపోతుంది. అప్పుడు బయటికి తీయాలి. కిందికి లాగితే ముక్కు విరుగుతుంది. ముక్కు విరిగిన పెంకు మళ్లీ కప్పుకు పనికిరాదు.

గాలి ఎక్కువగా తగిలే తీరం ఇళ్లలో చూరు వరుసలనూ అంచు వరుసలనూ రంధ్రంలోంచి తీగతో రీపరుకు కట్టి ఉంటారు. పెంకు లేవకపోతే బలం వాడకండి. అడుగున చెయ్యి పెట్టి తీగ ఉందేమో తడిమి చూసి కత్తిరించండి.

*6.5 రెండు వాలులూ సమంగా.* ఒక వైపు రెండు మూడు వరుసలు తీశాక అవతలి వైపు కూడా అన్ని వరుసలే తీయాలి. ఒక వాలంతా ఖాళీ చేసి రెండోదాన్ని అలాగే వదిలేస్తే ఆ వైపు బరువు వెన్నుదూలాన్ని పక్కకు నెడుతుంది. పాత చెక్క అతుకులు, తుప్పు పట్టిన మేకులు ఆ నెట్టుడును తట్టుకోలేవు.

తీసిన పెంకులను కప్పు మీదే ఒకచోట పేర్చకండి. చేతిలోకి వచ్చిన పెంకు వెంటనే కిందికి దిగాలి.

*6.6 కిందికి చేర్చడం.* తట్టలో ఆరేడు పెంకులు నిలువుగా పెట్టి, గిలక మీదుగా తాడుతో దించండి. ఎత్తు తక్కువైతే నిచ్చెన మీద ఒకరు నిలబడి చేతికి చేయి అందించుకోవచ్చు. తట్ట దిగుతున్నంతసేపు దాని కింద ఎవరూ ఉండకూడదు. విసరడం, పట్టుకోవడం అసలే వద్దు, కిందున్నవాడు ఎంత చేయి తిరిగినవాడైనా సరే.

*6.7 రీపర్లు.* ఆ గది మీద పెంకులన్నీ దిగాకే రీపర్ల జోలికి వెళ్లాలి. వాటి మీద నిలబడి వాటినే పీకకూడదు. కింద పరంజా మీద నిలబడి, కొప్పు దగ్గర నుంచి ఒక్కోటీ తీయాలి. అన్నీ ఒకేసారి తీసేస్తే వాసాలు పక్కలకు ఊగుతాయి, వాటిని ఒకదానితో ఒకటి కట్టి ఉంచేవి రీపర్లే. ప్రతి నాలుగైదింటికి ఒకటి వదిలేసి, కొత్తవి కొట్టే సమయంలో దాన్ని మార్చండి.

*6.8 కప్పు మీదికి ఎక్కలేనప్పుడు.* వాసాలు పుచ్చిన ఇంట్లో, వెన్నుదూలం కింద జాకీలు పెట్టి, గదిలో పరంజా కట్టండి. రీపర్ల సందులోంచి చేతులు పెట్టి పెంకును పైకి నెట్టి, ముక్కు విడిపించి, ఏటవాలుగా తిప్పి లోపలికే దించుకోవచ్చు. సందు చాలకపోతే ఒక రీపరు ముక్క కోయాలి. దుమ్మంతా ముఖం మీద పడుతుంది కాబట్టి కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. పని నెమ్మదే గానీ ఇలాంటి ఇంటికి ఇదే సరైన దారి.

7. గూన పెంకులైతే

ముందు బోర్లా ఉన్న పై పెంకులు, తరవాత వెల్లకిలా ఉన్న కింది పెంకులు. ఇవి బరువుతోనే నిలుస్తాయి, పట్టు లేదు. కాబట్టి మధ్యలో ఒకటి లాగితే పైవన్నీ జారి వస్తాయి. ఎప్పుడూ కొప్పు నుంచే రావాలి. కింద వెదురు దబ్బలో తాటి బద్దలో ఉంటాయి గనక వీటి మీద నడక అసలు కుదరదు. చూరు ఎత్తు తక్కువగా ఉంటుంది కాబట్టి చుట్టూ పరంజా కట్టుకుని చేయడం తేలికే.

8. సిమెంటు రేకులైతే

పాత సిమెంటు రేకులన్నిటిలోనూ ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని పని చేయండి. దాని పీచు కంటికి కనిపించదు. ఊపిరితో లోపలికి వెళితే పదుల ఏళ్ల తరవాత కూడా ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సర్ తేగలదు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు పీచు బయటికి రాదు. పగిలినప్పుడు, కోసినప్పుడు, గీకినప్పుడు వస్తుంది.

రేకుల మీద ఇంకో ప్రమాదం వెంటనే జరిగేది. పాతబడిన రేకు మనిషి బరువుకు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. కాబట్టి దాని మీద ఎవరూ నడవకూడదు. వీలైతే కింద పరంజా మీంచే విప్పండి. తప్పకపోతే కింద ఆధారం ఉన్న చోట మాత్రమే వెడల్పాటి పలకలు పరిచి, వాటి మీదే కదలండి.

వరుస ఇది:

1. ఆ పూట ఇంట్లోవాళ్లను, ముఖ్యంగా పిల్లలను దూరంగా పంపండి. కిటికీలు, తలుపులు మూయండి.
2. సబ్బు కలిపిన నీళ్లు రేకు మీద సన్నగా చల్లి తడపండి. పైపుతో గట్టిగా కొట్టకండి. తడి రేకు జారుతుంది కాబట్టి దాని మీద కాలు పెట్టకండి.
3. బోల్టులు తుప్పు పట్టి తిరగవు. రేకును గుంజి ఊడదీయకుండా, బోల్టును హాక్సాతో కోయండి. గ్రైండరు వాడకండి.
4. ఆఖరున వేసిన రేకు, అంటే పక్కవాటి మీదికి ఎక్కి ఉన్నది ముందు తీయండి. ఇద్దరు పట్టుకుని మొత్తం రేకుగానే దించండి.
5. దించిన రేకులను మందపాటి పాలిథిన్‌లో చుట్టి టేపు వేయండి. ముక్కలను కూడా తడిపి, రెండు సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టండి.
6. నేలను పొడిగా ఊడవకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా సంచిలో వేయండి.

బట్టమాస్కు, సర్జికల్ మాస్కు ఇక్కడ పనికిరావు. ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం (అతి సన్న దుమ్మును కూడా ఆపే) మాస్కు ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి. వేసుకున్న బట్టలు ఇంట్లో దులపకుండా, తడిపి విడిగా ఉతకాలి. పాత రేకులను కోసి కోళ్లగూటికో కట్టెల పాకకో వాడే అలవాటు మనకుంది. దయచేసి ఆ పని చేయకండి. వాటిని ఎక్కడికి పంపాలో జీవీఎంసీ పారిశుద్ధ్య సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పిన చోటికే చేర్చండి.

9. దిగిన పెంకుల సంగతి

పెంకులను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, అడుగువి పగులుతాయి. ఇసుక మీద అంచు ఆనేలా నిలువుగా, గోడకు కొద్దిగా ఒరిగేలా పెట్టాలి. రెండంతస్తుల కంటే ఎక్కువ వద్దు.

దించుతుండగానే మూడు కుప్పలు చేయండి: బాగున్నవి, అంచు మాత్రమే చెదిరినవి, పగిలినవి. అనుమానం ఉన్నదాన్ని వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే కంటికి కనిపించని చీలిక ఉన్నట్టే. పాచిని మెత్తటి బ్రష్షుతో నీళ్లు పోసి కడగాలి. ఇనుప బ్రష్షుతో గీకితే పై పొర పోయి పెంకు నీళ్లు పీల్చడం మొదలుపెడుతుంది.

అంచు చెదిరినవి కొత్త కప్పులో కోత పడే చోట్ల వాడుకోవచ్చు. బాగున్నవి మీకు అక్కర్లేకపోతే పాత కలప, పాత సామాను కొనేవాళ్లు తీసుకుంటారు. లెక్కపెట్టి, ఫోటో తీసి బేరమాడండి. పగిలిన ముక్కలను గెడ్డలో పోయకండి. వాన పడితే అదే గెడ్డ నిండి మీ వీధిలోకే నీళ్లొస్తాయి. నిర్మాణ వ్యర్థాలను రోడ్ల మీద, కాలువల్లో వేయడం నిబంధనలకు విరుద్ధం కూడా. జీవీఎంసీకి చెప్పి పంపించండి, లేదా మీ కొత్త గచ్చు కింద గట్టి పొరగా వాడుకోండి.

10. మధ్యలో వచ్చే చిక్కులు

*వాసం కిర్రుమంటోంది, కుంగుతోంది.* పైన ఉన్నవాళ్లు పెంకులు వదిలేసి దిగాలి. లోపల నుంచి ఆ వాసం కింద జాకీ పెట్టాక, మిగతా పని కింద నుంచే.

*మేకులు రావడం లేదు.* ఉప్పుగాలికి తుప్పు పట్టిన మేకును పీకితే సరుగుడు వాసం నిలువునా చీలుతుంది. రీపరుకూ వాసానికీ మధ్య హాక్సా బ్లేడు పెట్టి మేకును కోయండి. మిగిలిన మొనను సుత్తితో లోపలికి దించండి.

*మసి, ఎలుకల పెంట రాలుతున్నాయి.* కట్టెల పొయ్యి వాడిన వంటిళ్లలో ఇది తప్పదు. ఎలుకల మలమూత్రాల వల్ల జబ్బులు రావొచ్చు కాబట్టి పొడిగా ఊడవకుండా నీళ్లు చిలకరించి, తొడుగులతో ఎత్తండి. చేతికి గాయం ఉన్నవాళ్లను ఆ పనికి పెట్టకండి.

*పెంకులు ఎక్కువగా పగులుతున్నాయి.* పది తీస్తే రెండు కంటే ఎక్కువ పగులుతుంటే ఆగి చూడండి. సాధారణంగా కారణం కిందికి లాగడం, లేదా పెంకుల మీద నడవడం.

*గోడ బీట పెరిగింది.* బీట రెండు వైపులా పెన్సిలుతో గీతలు గీసి మధ్య దూరం కొలిచి రాయండి. మర్నాడు పెరిగితే పని ఆపి ఇంజనీరును పిలవండి.

11. సాయంత్రం కప్పి ఉంచడం

నాలుగు గంటలకు కొత్త పెంకు ముట్టుకోవడం ఆపేయాలి. మిగిలిన వెలుగంతా కప్పడానికే. టార్పాలిన్ కొప్పు మీదుగా రెండు వైపులా దిగాలి. ఒక వైపే పరిస్తే కొప్పు దగ్గర నీళ్లు లోపలికి పోతాయి. పెంకులు మిగిలి ఉన్న వైపున టార్పాలిన్ అంచు పై పెంకుల కిందికి దూరాలి, మీద ఆనకూడదు.

- అంచుల్లో ప్రతి రెండడుగులకు ఒక తాడు, గోడ మేకులకో రాళ్లకో కట్టారు
- కప్పు మీద రాళ్లు, ఇటుకలు పెట్టలేదు, ఇసుక బస్తాలు చూరు దాటి కిందికి వేలాడదీశారు
- టార్పాలిన్ నడుమ నీళ్లు నిలిచే గుంట లేదు
- త్రికోణపు గోడలకు ఆసరా కర్రలున్నాయి
- నిచ్చెనలు తీసి లోపల పెట్టారు
- ఆ గదిలో ఎవరూ పడుకోవడం లేదు

గాలి హెచ్చిన వేళ పెద్ద టార్పాలిన్ పరవడానికి నలుగురు కావాలి. ఒక్కరే పట్టుకుంటే గాలికి మనిషిని కూడా లాక్కుపోతుంది.

12. కొత్త కప్పుకు ముందు, విప్పిన కలప మీద చేయాల్సినవి

కప్పు ఖాళీగా ఉన్న ఈ రెండు మూడు రోజులే కలపను నాలుగు వైపులా చూడగలిగేది. 3వ భాగంలో పెట్టిన సుద్ద గుర్తులు మళ్లీ చూసి, పుచ్చిన వాసాలు మార్చండి. గోడలో దూరే చివరలకు చెదల మందు పూయండి. వెన్నుదూలం వంకర లేకుండా తిన్నగా ఉందో లేదో ఒక చివర నుంచి మరో చివరకు దారం కట్టి చూడండి.

కొత్త రీపర్లకు మామూలు ఇనుప మేకులు వాడకండి. ఇక్కడి ఉప్పుగాలిలో అవి ఎంతోకాలం నిలవవు. జింకు పూసినవి గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ తీసుకోండి.

పాత పెంకులే మళ్లీ వేస్తుంటే రీపర్ల మధ్య దూరాన్ని పాత గుర్తులను బట్టి కొట్టకండి, షాపువాళ్లు చెప్పిన కొలతను బట్టి కూడా వద్దు. మీ పెంకులు పది తీసుకుని నేల మీద గాడిలో గాడి పడేలా ఒక నిలువు వరుసగా పరవండి. ముందు దగ్గరగా నెట్టి, మొదటి పెంకు ముక్కు నుంచి పదో పెంకు ముక్కు దాకా కొలవండి. తరవాత గాడి విడిపోకుండా ఎంత దూరం జరుగుతాయో అంత జరిపి మళ్లీ కొలవండి. రెండు కొలతల సగటును తొమ్మిదితో భాగిస్తే వచ్చేదే మీ రీపర్ల దూరం. దాన్ని ఒక కర్రముక్క మీద కోతలుగా పెట్టి వడ్రంగి చేతికివ్వండి.